నల్లమల కార్చిచ్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



ఫాల్గుణ చైత్రములలో, చీకటి రాత్రి, నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు బాటసారి తూర్పుదిక్కు తేఱి చూచినచో నల్లమల కొండల వాలున ఎఱ్ఱని గీత యొకటి కనబడును. అది గాలినిబట్టి సాగును, వంగును, ఒకచోట తెగి మఱియొకచోట అంటుకొనును. పిల్లలు దానిని చూచి దీపావళి యనుకొందురు. పెద్దలు "కొండ కాలుచున్నది" అని యొక్క మాట యని తమ పనులమీద పోవుదురు. ఏటేట చూచు దృశ్యమగుటచే అది వేసవి యెండవలె సహజమే యని తలపబడుచున్నది. అది సహజము కాదు. పిడుగుపాటున పుట్టు మంట మన దేశపు అడవులలో మిక్కిలి అరుదు. పుట్టిన మంటలలో అత్యధికము మనుష్యుని చేతినుండి జారినవే. మనుష్యుని వలన పుట్టినదానికి మందు మనుష్యుల నడుమనే వెదుకవలెను. కొండ ఎందులకు కాలుచున్నది, దానిని కాపాడవలసినవారెవరు, వారి చేతులు ఎందుచేత కట్టువడియున్నవి యనునదే ఈ ప్రసంగమునకు విషయము.

అమరసింహుడు తన నిఘంటువున దవము, దావము అను మాటలకు అడవి యనియు, అడవిలోని యగ్ని యనియు రెండర్థములు చెప్పినాడు. తెలుగువారు అడవి యను నర్థముగల 'కారు' శబ్దమునకు 'చిచ్చు' చేర్చి కార్చిచ్చు అనిరి. అడవిని తలచినప్పుడెల్ల అగ్నిని తలచుట పూర్వులకు అలవాటు. భాగవతమున గోపాలురను చుట్టుముట్టిన దావానలమును శ్రీకృష్ణుడు మ్రింగి వారిని కాచెను. భారతమున ఖాండవవనము దగ్ధమైనది. ఆ మంటలో తల్లిని కోల్పోయి తప్పించుకొన్న తక్షకుని కుమారుడు అశ్వసేనుడు, ఏండ్లు గడచిన పిమ్మట, కర్ణుని బాణమున చేరి అర్జునునిపై పగ తీర్చుకొనజూచెను. అడవి కాలినప్పుడు బూడిద వర్షముతో పోవును గాని, అందు బ్రతికినవారి పగ పోదని వ్యాసుని భావము కాబోలు.

రాజనీతి తెలిసిన కౌటిల్యుడు ఈ విషయమున రెండు మాటలు చెప్పినాడు. పచ్చిక బయలునుగాని, పైరునుగాని, అడవినిగాని తగులబెట్టినవానిని అగ్నిలోనే దహింపుమని ఒక చోట శాసించెను. ఏనుగుల యడవిని రాజ్యపు సరిహద్దున నెలకొల్పి దానిని అటవికుల రక్షణమున ఉంచుమని వేఱొక చోట చెప్పెను. శిక్ష యొక చేత, నమ్మకము మఱియొక చేత. తరువాతి ప్రభుత్వములు మొదటి మాటను జ్ఞాపకముంచుకొని రెండవ మాటను మఱచుటయే నల్లమల కథకు మూలము.

మొదట ఆ మంట స్వభావము తెలిసికొనవలెను. నల్లమల ఆకురాల్చు అడవి. టేకు, నల్లమద్ది, చిరుమాను, వేగిస, తునికి మున్నగు చెట్లు చలికాలము ముగియునప్పటికి ఆకు రాల్చును. వాని నడుమ బోదగడ్డి మనిషెత్తు పెరిగి యెండి నిలుచును. వెదురు పూచి చచ్చినచోట పొదలకు పొదలే ఎండుగడలగును. ఫిబ్రవరి మొదలు తొలకరి పడువఱకు ఈ యడవి యంతయు గడ్డివామివలె సిద్ధముగ నుండును. మంట నేలమీదనే ప్రాకును. పెద్ద చెట్టు దళసరి బెరడుచేత ఒక మంటకు చావదు. చచ్చునది ఆ యేటి మొలక. కావుననే మంట మఱునాడు అడవిని చూచినవారు "చెట్లు బాగుగనే యున్నవి" అందురు. ఏటేట కాలు అడవిలో వృద్ధవృక్షములు మిగులును, వాని సంతతి మిగులదు. ముసలివారు మాత్రమే మిగిలిన యూరి జనాభా లెక్కకును దీనికిని భేదము లేదు.

ఆకు కాలి నేల బయలుపడినపిదప మొదటి వానకు మట్టి కొట్టుకొనిపోవును. నేల నీటిని పీల్చుకొనదు. వాన కురిసిన పూట వాగు పొంగును, వారము తిరుగకముందే ఇంకును. ఈ సీమలోని రైతు కొండవైపు చూడవలసిన కారణమిదియే. కె.సి. కాలువ తుంగభద్ర నీటిని తెచ్చును; మహానంది కోనేటినీరు మాత్రము నల్లమల పాదమునుండియే యూరుచున్నది, ఆ నీటితోనే అక్కడి అరటితోటలు పండుచున్నవి. అహోబిలమున భవనాశి కొండల నడుమనుండియే దిగును. కొండవాలున గట్టుగట్టుకు నిలిచియున్న ఆకుచెత్త అంతయు రైతు గట్టని చెఱువు. దానికి నిప్పు పెట్టుట చెఱువుకట్ట తెంచుటయే.

ఆ నిప్పు పెట్టువారెవరు? ఏ ఒక్కరినో వేలు చూపి నిలబెట్టుట సులభము, న్యాయము కాదు. గొఱ్ఱెలకాపరి క్రొత్త గడ్డి మొలచునని పాతగడ్డి కాల్చును. ఇప్పపూవు ఏరుకొనువారు చెట్టుక్రింద ఆకులు శుభ్రమగునని కాల్తురు. తేనె తీయువారి కాగడా జారును. దొంగతనమున దుంగలు మోయువాడును, వేటగాడును జాడ తెలియకుండుటకు నిప్పుపెట్టుదురు. బాటసారి బీడీ ముక్క విసరును. శివరాత్రికిని, ఉగాదికిని శ్రీశైలమునకు కాలినడకన పోవువారు, అహోబిలమున పావన నృసింహుని సేవింప అడవిలోనికి పోవువారు మూడు రాళ్లు పెట్టి వంటచేసి పొయ్యి ఆర్పక లేచిపోవుదురు. వీరిలో అడవి కాలవలెనని కోరువారు మిక్కిలి తక్కువ. అడవి తమది కాదనుకొనువారు మాత్రము మెండు. పరుల వాకిట పొయ్యి ఆర్పవలెనని ఎవరికి తోచును?

అడవి తమది కాదను భావము ఎట్లు పుట్టినదో చరిత్ర చెప్పగలదు. మద్రాసు రాజధానిలో 1856లో క్లెగ్‌హారను పెద్దగా అటవీశాఖ యేర్పడెను. రైలుదారులకు దిమ్మెలు, ఇంజనులకు కట్టె కావలసివచ్చి అడవిని దొరతనమువారు తమ యాజమాన్యమునకు తెచ్చుకొన తలచినప్పుడు, 1870ల దశాబ్దమున మద్రాసు రెవిన్యూ బోర్డే అడ్డుపలికినది. ఏదో యొక గ్రామపు ఎల్లలోపల లేని యడవి, గ్రామస్థులకు హక్కులేని యడవి ఈ రాజధానిలో కానరాదని ఆ బోర్డు వాదము. ఆ వాదము నిలువలేదు. బ్రాండిసు అను అటవీశాస్త్రజ్ఞుని సలహాలతో 1882లో మద్రాసు అటవీచట్టము వచ్చినది. రిజర్వు రాళ్లు పాతిన నాటినుండి నిన్నటివఱకు వాడుక యైనది నేరమైనది. కట్టెకు, పశువుల మేతకు, నాగలిమానుకు అనుమతి కావలసివచ్చెను. నంద్యాలనుండి చెలమ, దిగువమెట్ట మీదుగ సాగిన రైలుదారియు ఆ కాలమునకు చెందినదే.

పుల్లరి భారము సహింపలేక 1921-22లో పలనాటి రైతులు తిరుగబడిరి. మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు ప్రాణము లర్పించెను. కడపజిల్లా రాయచోటి ప్రాంతమునను అటవీ సత్యాగ్రహము జరిగెను. అంతకు ముందే రైతుల కష్టములు విచారించుటకు దొరతనమువారు 1913లో ఒక కమిటీని కూర్చిరి. ఊరి యవసరములకు చాలినంత అడవిని పంచాయతీల చేతికి ఈయవలెనని అది సలహా చెప్పెను. అట్లు పుట్టిన పంచాయతీ అడవులలో కొన్ని చక్కగ నడచినవి. కొన్ని నలుగురు మోతుబరుల పశువులకు మేతబీళ్లయినవి. ఈ రెండవ మాటను దాచరాదు.

ఇక అగ్ని విషయము. అడవిలో నిప్పే పుట్టరాదను నియమముతో మొదటి ప్రయత్నము 1860ల దశాబ్దమున మధ్యపరగణాలలోని బోరి యడవిలో పియర్సను అను అధికారి చేసెను. అది జయమనిపించుకొని దేశమంతట వ్యాపించెను. ముప్పదియేండ్లు తిరుగకముందే చిక్కు బయటపడెను. అగ్ని సోకని బర్మా టేకు అడవులలో వెదురును తీగలును దట్టమై టేకు మొలకలకు చోటు లేకపోయెను. అగ్నిరక్షణము మితిమీఱినదని స్లేడు అను అటవీ అధికారి 1896లోనే వ్రాసెను. చలికాలమున, పదను ఇంకను ఆఱకముందే, అదుపులో చిన్నమంట పెట్టుట మేలని క్రమముగ ఒప్పుకొనిరి. కొండజాతులు తరతరములుగ చేయుచుండినది అదియే! అమెరికాలోను ఇదే కథ. 1910లో మహాగ్ని చెలరేగిన పిదప ఏ మంటనైనను మఱునాటి ఉదయము పది గంటలకు ఆర్పితీరవలెనని 1935లో నియమము చేసిరి. ఏండ్లతరబడి కాలక పేరుకొన్న చెత్త పెనుమంటలకు తోడుపడెనని అచ్చటి శాస్త్రజ్ఞులే పిదప తేల్చిరి. 1970లలో ఆ నియమమును విడిచిరి.

దీనిచే నిప్పు పెట్టుట మంచిదని అర్థము కాదు. పుష్యమాసమున తెలిసినవాడు గీతగీచి పెట్టిన నిప్పు వేఱు. చైత్రమున తెలియనివాడు వదలిన నిప్పు వేఱు. మొదటిది వైద్యుని కత్తి, రెండవది దొంగ కత్తి. చట్టము ఈ రెంటిని ఒకే నేరముగ చూచినప్పుడు మొదటివాడు మానుకొనును, రెండవవాడు చీకటిలో పనిచేసికొనును.

స్వతంత్రము వచ్చిన పిమ్మట 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము వచ్చినను మూలసూత్రము 1882 నాటిదే. 1972 నాటి వన్యప్రాణి చట్టమునుబట్టి 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలము అభయారణ్యమును, 1983లో పులుల సంరక్షణ పథకమును, 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యమును ఏర్పడినవి. పులి బ్రతుకవలసినదే; అందు సందేహము లేదు. అయితే రక్షణ పెరిగినకొలది అడవిలోనికి పోవు అడుగులు తగ్గినవి, అడవిలో పేరుకొను ఎండుగడ్డి పెరిగినది. 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు, అభయారణ్యములనుండి ఎండిన చెట్లను, పడిన చెట్లను, గడ్డిని సైతము తీసివేయరాదని ఉత్తర్వు చేసెను. అడవి దోపిడిని అరికట్టుటకు వచ్చిన ఉత్తర్వు అది; అవసరమై వచ్చినది. ఇల్లు కప్పుకొనుటకు బోదగడ్డి కోయువానికిని అదే వర్తించినది. కోసిన గడ్డి కప్పగును, కోయని గడ్డి కొఱవియగును.

ఈ మార్పుల నడుమ అందరికంటె నష్టపోయినవారు చెంచులు. అహోబిలమున చెంచులక్ష్మిని పెండ్లాడి నరసింహస్వామి వారికి అల్లుడైనాడని మనవారి నమ్మకము. ఏ కోనలో ఏ ఊట ఉన్నదో, ఏ గాలికి మంట ఏ వాలున ప్రాకునో చెప్పగలవారు వారు. అటవీశాఖయు ఆ సంగతి నెఱుగును. వేసవి మూడు నాలుగు నెలలు వారినే ఫైరు వాచర్లుగ పెట్టుకొనుచున్నది. పచ్చిరెమ్మలతో కొట్టి ఆర్పువాడు, ఎదురుమంట పెట్టి ఆపువాడు, రాత్రి కొండపై కాపుగాయువాడు ఎక్కువగ చెంచుయువకుడే. తొలకరి పడగానే వాని కొలువు తీరును. మిగిలిన ఎనిమిది నెలలు అదే అడవిలో వాడు అనుమానింపబడువాడు. నాలుగు నెలలు కాపరి, ఎనిమిది నెలలు అపరాధి యైన మనుష్యునినుండి ఎంత శ్రద్ధ కోరవచ్చును?

హిమాలయమున కుమావూను సీమ కథ ఇచ్చట స్మరింపదగినది. 1911 తరువాత అక్కడి యడవులను దొరతనమువారు రిజర్వు చేసిరి. 1921 వేసవిలో ప్రజలు ఆ చీడిపైను అడవులను విస్తారముగ తగులబెట్టిరి. అదే వేసవిలో తమకు మేత, ఎరువు ఇచ్చు ఓకు అడవుల జోలికి పోలేదు. ఏది తమదో ఏది కాదో వారు నిప్పుతో వ్రాసి చూపిరి. దొరతనమువారు విచారణ చేసి, కొంత అడవిని విడిచి, 1931లో వనపంచాయతీల నిబంధనలు చేసిరి. ఆ పంచాయతీలు నేటికిని ఉన్నవి. ఉత్తరాఖండమున మంటలు ఆగిపోయినవని చెప్పరాదు. 2016లో అచ్చట ఘోరాగ్ని రేగినది. అయినను తన అడవి యనుకొన్న గ్రామము మంట చూచి గంట కొట్టును. కానిది తలుపు వేసికొనును.

మన రాష్ట్రమునను ప్రయత్నము జరుగకపోలేదు. 1992లో వనసంరక్షణ సమితులు మొదలైనవి. ప్రపంచబ్యాంకు ధనముతో 1994లో ఒక పథకమును, 2002లో సాముదాయిక అటవీ యాజమాన్య పథకమును నడచినవి. ఊరూర సమితి లేచెను; అగ్నిరేఖలు గీచిరి; కాపలా కాచిరి. ధనము ఆగిన పిదప పెక్కు సమితులు బోర్డుమీది పేరులుగ మిగిలినవి. కూలి యిచ్చినన్నాళ్లు అడవి కూలిపని యైనది. హక్కుగ ఎన్నడును కాలేదు. 2006లో పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము ఈ లోపమును దిద్దజూచినది. తరతరములుగ కాపాడుచున్న సాముదాయిక అడవిని రక్షించుటకును, నిర్వహించుటకును అది గ్రామసభకు హక్కు నిచ్చినది. ఇండ్లకు, సాగుభూమికి పట్టాలడుగువారు పెక్కుమంది; అడవిని కాపాడు హక్కు నడుగువారు కొద్దిమంది. ఆ హక్కే పెద్దది.

"జనులచేతికిచ్చినచో నఱికి అమ్ముకొందురు" అని ఒక ఆక్షేపణ కలదు. అది నిరాధారము కాదు; పాత పంచాయతీ అడవుల యనుభవము కొంత అట్టిదే. అయితే ఉద్యోగి యొక్కడే కాపాడగలడా యన్నది దానికి ప్రతిప్రశ్న. ఒక బీటుగార్డు కాలినడకన ఒక దినములో చుట్టిరాలేనంత కొండ యతని బాధ్యత. 2004 మొదలు డెహ్రాడూనులోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహముల ద్వారా మంటలు గుర్తించి కబురు పంపుచున్నది. ఉపగ్రహము మంటను చూడగలదు, ఆర్పలేదు. ఆర్పవలసినవాడు రెండు కాళ్లపై కొండ యెక్కవలెను. ఎక్కుటకు వానికి కారణముండవలెను. ఇక ఊరిలో బలవంతులు అడవిని మ్రింగుదురన్న భయమునకు విరుగుడు బహిరంగమైన లెక్క. ఎవరి పశువులెన్ని, ఎవరు కోసిన గడ్డి యెంత, కాపలాకు ఎవరి వంతు ఎప్పుడు అని గ్రామసభలో చదివి వినిపించు లెక్క యున్నచోట దొంగతనము కష్టము.

చేయవలసినవి కొండంతలు కావు. అగ్నిరేఖలు, అనగా ఫైరు లైన్లు, సంక్రాంతికి గడ్డి కోసి, మాఘము దాటకముందే అదుపులో కాల్చి ముగింపవలెను. ఫాల్గుణమున గీచిన రేఖ పెండ్లి అయినపిదప వచ్చిన బాజావంటిది. ఆ పనికి కూలి సకాలమున అందవలెను. చెంచు కాపరికి ఏడాది పొడుగున పని కల్పింపవలెను: వేసవిలో కాపలా, వానకాలమున విత్తనము చల్లుట, చలికాలమున రేఖలు. అభయారణ్యమునకు వెలుపల బోదగడ్డి కోసికొనుటకు రైతుకును కాపరికిని అనుమతి యిచ్చి, నిప్పు పెట్టమను మాటను దానికి బదులుగ తీసికొనవలెను. లోపల అగ్నిరేఖలమీది గడ్డిని తీయుటను నిర్వహణ ప్రణాళికలోనే చేర్చుకొనవలెను.

మఱియొక సదవకాశము మన సీమకే కలదు. కనుమనాడు మొదలై సుమారు 40 దినములు అహోబిలేశుడు పారువేటకు బయలుదేరి ఊరూర తిరిగి తన కల్యాణమునకు ప్రజలను పిలుచును. పల్లకిముందు చెంచులు విల్లమ్ములతో వచ్చుదురు. అగ్నిరేఖలు గీయవలసిన కాలము సరిగా అదియే. స్వామి విడిసిన ప్రతి గ్రామచావడిలో ఆ యూరివారు ఒక గడియ కూర్చుండి ఆ యేటి కాపలా వంతులు నిర్ణయించుకొన్నచో, దానికి వేఱుగ సభ చేయనక్కఱలేదు. అత్తవారి యిల్లు కాలకుండ చూడుడని అల్లుడు స్వయముగ వచ్చి అడిగినట్లే యగును.

చివరకు ఈ గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. కర్నూలు సీమ కన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగు పెద్దలు గ్రంథాలయములను పుస్తకములు దాచు గదులుగ తలపక ప్రజల చదువుశాలలుగ తలచిరి. ఇచ్చట చదువుటకు పుస్తకములు అనేకములు గలవు; వ్రాయుటకు ఒక పుస్తకము కావలెను. దానిలో నాలుగు గడులు చాలును: మంట కనబడిన తేది, కొండపేరు, పుట్టుటకు కారణమని తెలిసినది, ఆర్పినవారి పేరులు. గొఱ్ఱెలకాపరి వచ్చి చెప్పినను, చెంచు వచ్చి చెప్పినను, గ్రంథపాలకుడు వ్రాసికొనవలెను. నేరము మోపుటకు కాదు, నేర్చుకొనుటకు. అయిదేండ్లు అట్లు వ్రాసినచో ఏ కొండ ఏ నెలలో ఎందుచేత కాలుచున్నదో ఈ యూరికి తెలియును. గ్రామసభ ఆ పుస్తకము చేతబట్టుకొని అటవీశాఖవారితో మాట్లాడినప్పుడు, అది యాచన కాక లెక్క యగును. లెక్క ముందు ఏ కచేరియు ఎల్లకాలము మౌనము వహింపలేదు.

ఈ రజతోత్సవమునకు వచ్చిన పిల్లలు స్వర్ణోత్సవమునాటికి పెద్దలగుదురు. నాడు చైత్రమాసపు చీకటిరాత్రి తూర్పు కొండలవైపు చూచినప్పుడు వారికి నక్షత్రములు తప్ప వేఱు వెలుగు కనబడకుండుగాక! ఒకవేళ కనబడినచో, "కొండ కాలుచున్నది" అని కాక "మన కొండ కాలుచున్నది" అని లేచి నడచుదురుగాక!